నాగదుర్గారావుకి చూపించిన సూర్యాస్తమయం

కొండమేడ వాకిట్లో కారు ఆగేసరికి అయిదు కావస్తోంది. డ్రైవరు యేసుదాసు డిక్కీలోంచి చక్రాల కుర్చీ తీసి మడత విప్పాడు. వరహాలమ్మ మొగుణ్ణి సందిట పట్టి దింపి కూర్చోబెట్టింది. పక్కకి ఒరిగిపోకుండా పాత చీరముక్కతో నడుముకి కట్టింది.

నాగదుర్గారావుకి పక్షవాతం వచ్చి పది నెలలైంది. కుడిపక్క చచ్చుబడింది. మాట పడిపోయింది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉందని ఏలూరు డాక్టరు చెప్పాడు. అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి. కొల్లేటి పక్కన అరవై ఎకరాల చేపల చెరువులు ఒక్కడే నడిపిన మనిషి. ఆయన కేక వినబడితే గట్టు మీద పనివాళ్ళు బీడీలు పారేసేవారు. ఇంట్లో ఆ కేకలన్నీ వరహాలమ్మకే.

"ఈయనకి ఈ మేడంటే ప్రాణం బాబూ. ఎంచక్కా స్నేహితులతో వచ్చేవారు" అంది యేసుదాసుతో.

అబద్ధం కాదు. పన్నెండేళ్ళ కిందట ఒక్కసారి ఆమెని కూడా తీసుకొచ్చాడు. స్నేహితులూ వాళ్ళ భార్యలూ వ్యాను దిగుతున్నారు. ఆమె కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికే? కోతులు కేరేజీలు ఎత్తుకుపోతాయి. ఇక్కడుండు. గట్టు మీద రోజూ చూసే సూర్యుడే కదా" అన్నాడు. అందరూ నవ్వారు. పైనుంచి వచ్చే కేరింతలు వింటూ ఆమె వ్యానులో కూర్చుంది. వాళ్ళు దిగొచ్చాక రొయ్యల వేపుడు వడ్డించింది.

అప్పుడు ఏడవలేదు. ఏడ్చింది తల్లి పోయినప్పుడు. కబురొచ్చిన రోజు పెద్ద చెరువులో చేపలు పడుతున్నారు. "నలభై మందికి అన్నాలెవరు పెడతారు? పోయిన మనిషి మళ్ళీ ఎక్కడికి పోతుంది? పని తెమిలాక వెళ్దువుగాని" అన్నాడు. ఆమె వెళ్ళేసరికి బూడిద కూడా ఎత్తేశారు.

యేసుదాసు కుర్చీని వాలుదారి మీదుగా పడమటి వసారాలోకి తోసి, పిట్టగోడ దగ్గర ఆపి, టీ తాగొస్తానని వెళ్ళాడు. ఎప్పటిదో జమీందారుల మేడ. సున్నం పెచ్చులూడినా స్తంభాలు ఠీవిగా నిలబడి ఉన్నాయి. జనం ఫోన్లు పట్టుకుని బారులు తీరారు. మెట్ట మీది తోటలపైన సూర్యుడు ఎర్రబడుతున్నాడు. దూరంగా దక్షిణాన చెరువులన్నీ రాగిరేకుల్లా మెరుస్తున్నాయి.

నాగదుర్గారావు ముఖంలో వెలుగొచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తి తన చెరువులకేసి చూపించబోయాడు.

వరహాలమ్మ ఆ చేతిని నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టింది. బ్రేకు తీసింది. కుర్చీని వెనక్కి తిప్పి, వసారా లోపలి గోడకి జానెడు దూరంలో నిలిపి, మళ్ళీ బ్రేకు వేసింది.

ఆయన గొంతులోంచి గురగురమని ఏదో వచ్చింది. ఆమె వంగి చెవిలో చెప్పింది.

"ఏవండీ, మీరు చాలాసార్లు చూశారు కదండీ. కాసేపు మా అమ్మని తలుచుకోండి. నేను చూసొచ్చి ఎలా ఉందో చెబుతాను."

వెళ్ళి పిట్టగోడ మీద మోచేతులు ఆనించింది. సూర్యుడు అడుగున చదునుగా నొక్కుకుపోయి, పక్కలకి పొంగి, కొంచెం కొంచెంగా దిగాడు. ఆమె కన్నార్పలేదు. వెనక కుర్చీ చప్పుడు చేస్తూనే ఉంది. ఒక్కసారీ తిరిగి చూడలేదు. దారిలో కొన్న వేరుశెనక్కాయలు ఒక్కొక్కటే ఒలుచుకుని తింది. చాలాకాలానికి దేనికో రుచి తెలిసింది.

"ఏవండీ, ఆయన మీవారాండీ?" పక్కనే నిలబడ్డ ఆవిడ అడిగింది. పేరు చంద్రకళ, తాడేపల్లిగూడెంలో లెక్చరరట. "అలా గోడవైపు ఉన్నారేంటండీ? ఇటు తిప్పమంటారా?"

"వద్దండీ. వెలుతురు తగిలితే కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. నీడ పట్టున ఉంటేనే ఆయనకి సుఖం."

చంద్రకళ వెళ్ళి చూసింది. నిజంగానే కళ్ళు కారుతున్నాయి. "అయ్యో పాపం" అని వెనక్కొచ్చి వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంత కష్టంలోనూ కొండెక్కించి తీసుకొచ్చారు. చాలా అదృష్టవంతుడండీ ఆయన. ఒక్క ఫోటో తీసుకుంటాను, మా పిల్లలకి చూపించాలి."

వరహాలమ్మ పైట సర్దుకుని మొగుడి పక్కన నిలబడింది. చంద్రకళ పక్కనుంచి ఫోటో తీస్తుండగా ఆయన ఎడమ చెయ్యి ఆమె ముంజేతిని గట్టిగా పట్టుకుంది. ఒకప్పుడైతే గాజులు చిట్లేవి. ఆమె నవ్వుతూనే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

పూర్తిగా చీకటి పడ్డాక కుర్చీని పడమటికి తిప్పింది. "చూడండి" అంది. అక్కడ చూడ్డానికేమీ లేదు. ఆయన పడమటికేసి చూడలేదు, ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ముఖం మీద ఆమె ఎన్నడూ చూడనిది. ఈ ఒక్క సాయంత్రంతో కడుపుమంట చల్లారుతుందనుకుని వచ్చింది. ఆ భయం చూశాక చాలదనిపించింది.

కిందికి వెళ్తుంటే యేసుదాసు అడిగాడు. "అయ్యగారికి నచ్చిందాండీ?"

"ఎంత సంబరపడ్డారో! డాక్టరుగారు కూడా బయట తిప్పమన్నారు బాబూ. ఇకనుంచి ప్రతి ఆదివారం ఖాళీ పెట్టుకో."

వెనక సీట్లో నాగదుర్గారావు ఎడమ చెయ్యి అద్దాన్ని గోకడం మొదలుపెట్టింది. చలిగాలి కొడుతోందని వరహాలమ్మ ఆ చేతిని శాలువా లోపలికి తోసి, అంచులు బిగించి కట్టింది.