నూట డెబ్బై మూడు

కుక్కరు రెండో విజిల్ వేస్తుంటే మా ఆయన కోటేష్ వంటింటి గుమ్మంలో నిలబడి, "రాడ్డు ఎంత పెట్టమంటావు?" అని అడిగాడు. కూరలో ఉప్పు వేశావా అని అడిగినంత మామూలుగా అడుగుతాడు. పోపు తిప్పుతూనే "నూట డెబ్బై మూడు" అన్నాను.

చిలకలూరిపేటలో హైవే పక్కన మాకు ఇంజన్లు బాగుచేసే షెడ్డుంది. వెనకే ఇల్లు. ఒంగోలు నుంచి శివనాగరాజు అనే ఆయన తన పాత మోటారుసైకిలు తెచ్చి, మట్టి ట్రాకు పోటీలకి ఇంజను పెద్దది చేసిమ్మన్నాడు. మూడు రోజులుగా ఆ ఇంజను నా బుర్రలోనే తిరుగుతోంది. సిలిండరు లోపలి వెడల్పు, అదే బోరు, డెబ్బై మిల్లీల నుంచి డెబ్బై నాలుగు. అంతకు మించితే సిలిండరు గోడ పల్చబడిపోతుంది. స్ట్రోకు, అంటే పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం, తొంభై నుంచి తొంభై ఆరు. అప్పుడు పిస్టను పైన మూడు, కింద మూడు మిల్లీలు ఎక్కువ వెళ్తుంది. కింద చోటేదీ? అక్కడ తిరిగే బరువు చక్రం, ఫ్లైవీలు, ఉందాయె. అందుకే పిస్టన్ని ఫ్లైవీలుకి కలిపే రాడ్డుని నూట డెబ్బై మిల్లీల నుంచి మూడు పెంచి, పిస్టన్ని పైకి జరిపి, సిలిండరు కింద ఆరు మిల్లీల ప్లేటు వేయాలి. సిలిండరు అంత ఎత్తవుతుంది గనక వాల్వులు తెరిచే పుష్‌రాడ్లూ పొడుగు చేయాలి. బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ వేసిన లెక్క ఇది. క్యాలెండరు కాగితం వెనక రాసి కూడా ఇచ్చాను.

మెకానికల్ డిప్లొమాలో మా బ్యాచికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. పెళ్ళయిన కొత్తలో షెడ్డులోకి అడుగుపెడితే మా అత్తగారు సుబ్బరావమ్మ, "మగాళ్ళు తిరిగే చోట నీకేం పనే నాగజ్యోతీ? నలుగురూ నవ్విపోతారు" అంది. కోటేష్ అవునని గానీ కాదని గానీ అనలేదు. కొలతలు మాత్రం లోపలికొచ్చి అడిగి వెళ్తాడు. "కోటేష్ లెక్కంటే లెక్కే" అని బయట మెచ్చుకుంటుంటే కిటికీలోంచి వింటాను. మొదట్లో ఒళ్ళు మండేది. రాను రాను దిగులు పట్టుకుంది. మిరపకాయల తొడిమలు తీస్తూ చుట్టుపక్కల ఆడవాళ్ళు లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకుంటారు. నాకిష్టమైన ఈ ఒక్క సంగతి ఎవరితో చెప్పుకోను? ఒకసారి పక్కింటి పుల్లమ్మతో పిస్టను గురించి మొదలుపెడితే, పాపం, జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూసింది.

వారం తర్వాత కోటేష్ గుంటూరు నుంచి రాడ్డు చేయించుకొచ్చాడు. నూట అరవై ఏడు.

"ప్లేటు కోయించి, పుష్‌రాడ్లు పొడుగు చేయించి, అదంతా ఎవడు పడతాడు? రాడ్డు మూడు తగ్గిస్తే పిస్టను పైన సమానంగా వచ్చేస్తది."

"పైన వస్తుందండీ. కింద ఫ్లైవీలుకి కొట్టుకుంటుంది."

"పుస్తకాలు చదివినదానివి. చేత్తో ఒక్క ఇంజనన్నా బిగించావా?" అన్నాడు.

బిగించనిచ్చిందెవరు? అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను.

శివనాగరాజు వచ్చిన రోజు టీ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. కోటేష్ ఇంజన్ని చేత్తో తిప్పి చూపిస్తున్నాడు. పిస్టను పైకి బాగానే వెళ్ళింది. కిందికి రాగానే టక్కుమని ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్.

"ఏందన్నా ఇది? పోటీకి ఇంకా పది రోజులే ఉంది!" అన్నాడు శివనాగరాజు.

కోటేష్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "మా ఇంట్లో ఆవిడ వేసిన లెక్కలే. చదువుకుంది గదా అని నమ్మాను" అన్నాడు.

పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో నా లెక్కలతో ఎన్ని ఇంజన్లు ఈ షెడ్డు దాటి వెళ్ళాయో! ఒక్కదానికీ ఆయన నా పేరెత్తలేదు. ఎప్పటిలాగే లోపలికి వెళ్ళి పంపు తిప్పి ఏడవచ్చు. కాళ్ళు అటు తిరిగాయి కూడా.

"నా లెక్క నూట డెబ్బై మూడు. ఇందులో ఉన్నది నూట అరవై ఏడు. కొలిచి చూసుకోండి" అన్నాను.

"లోపలికి పో, జ్యోతీ" అన్నాడు కోటేష్.

శివనాగరాజు నన్ను దాటి ఆయన వైపే చూస్తూ, "అన్నా, ఆవిడ చెప్పేది నిజమేనా? రాడ్డు మారిస్తే సరిపోద్దా?" అని అడిగాడు.

కోటేష్ నోరు విప్పేలోపు టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, ఇంజను ముందున్న స్టూలు మీద కూర్చున్నాను.

"ఆయన్నెందుకు అడుగుతారు? నన్నడగండి. దీన్ని బిగించేది నేనే."