ఒళ్ళో పెట్టిన ఆకువక్క

ఆ గురువారం మా పంచలో ఐదుగురు డ్రైవర్లు కూర్చుని వాదించుకున్నారు. నేను లోపల పాపకు పాలిస్తూ వింటున్నాను.

యుద్ధం మొదలయ్యాక పెట్రోలు దొరక్క మల్లేశప్పగారి బస్సులన్నీ బొగ్గుతోనే నడుస్తున్నాయి. ఆ పొగకు తల పగిలిపోతుందంటారు మా ఆయన. నాగలమడికలో బయలుదేరి, పావగడ మీదుగా తుమకూరు పోయి, అదే రోజు తిరిగి రావాలి. పోయిన నెల ఆయన స్టీరింగు పట్టుకునే కునుకు తీస్తే ఏటి మలుపులో బస్సు ఇసుకలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అన్నిసార్లూ ఇసుకే ఉంటుందా?

తుమకూరులో నిలిచి, నిద్రపోయి, మరునాడు వస్తామని డ్రైవర్లు అడిగారు. మల్లేశప్పగారు జీతం ఐదు రూపాయలు పెంచుతానన్నారు గానీ నిద్ర మాట ఎత్తలేదు. అది ఒప్పుకోవాలా, సర్కారు కచేరివాళ్ళు వేసే మధ్యవర్తి దగ్గరికి పోవాలా అన్నదే ఆ వాదన.

“చేతికొచ్చింది ఇడ్సిపెట్టి, కోటేసుకున్నోడెవడో చెప్పినట్ల వినల్లంటావేందప్పా నారప్పా? వాడెప్పుడన్నా స్టీరింగు పట్టినాడా?” అన్నాడు అందరిలో పెద్దవాడైన ఓబళప్ప.

“పట్టకుంటేనేమి మామా, నిద్రయితే పోయుంటాడు గదా! దాని ఇలువ తెలిసుంటాది,” అన్నారు మా ఆయన.

“తెలీకేం, కచేరిలోనే పోతాంటాడు,” అన్నాడు కదిరయ్య. అందరూ నవ్వారు.

“నవ్వండి. వాడేం చెప్పినా కట్టుబడల్ల. జీతమూ పెరక్క, నిద్రా లేకపోతే యాడికి పోతాం?”

ఓబళప్ప అట్లా చాలాసేపు వాదించాడు. చివరికి ఎట్లాగో ఆయనా సరేనన్నాడు. శనివారం పావగడ కచేరిలో అర్జీ ఇవ్వాలి. ఐదుగురూ సంతకం చేస్తేనే తీసుకుంటారట.

శుక్రవారం మా ఆయన బస్సు తీసుకుపోయాక మల్లేశప్పగారి భార్య భాగీరథమ్మ మా ఇంటికి వచ్చింది.

“ఏమే హనుమక్కా, పాపకు ఎనిమిది నెల్లంట, నాకు చూపించనే లేదు!”

పాపను ముద్దాడి, నాకు కుంకుమ పెట్టి, రవికగుడ్డా ఆకువక్కా చేతికి తీసుకుంది. శుక్రవారం పూట ముత్తయిదువ ఇస్తుంటే ఎట్లా వద్దంటాను? కొంగు పట్టాను, ఒళ్ళో పెట్టింది.

గడప దాటుతూ అంది: “ఆకువక్క అందుకుంటివి. ఇంక మన రెండిండ్ల మధ్య మాట తప్పేది లేదులే.”

అప్పుడర్థమైంది. మా వైపు గొర్రెలు అమ్మినా, పెళ్ళి కుదిరినా సంతకాలుండవు. ఆకువక్క అందుకుంటే మాట ఇచ్చినట్టే, మల్లేశప్పగారి బేరానికి మేము ఒప్పుకున్నట్టే.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఆయన వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. దగ్గుతూ అరుగు మీద కూలబడ్డారు.

“తీసుకుంటివా?”

“ముత్తయిదువ పెడితే...”

“ఓబళప్ప మామ నలుగుర్లో అడిగినాడు. ‘నీ ఇంట్లో ఆకువక్క తీసుకుని మమ్మల్ని కచేరికి పిలుస్తావేమప్పా’ అని. ఏం చెప్పల్ల నేను? పోనీలే, పెంచిందే తీసుకుందాం.”

తాంబూలం తిప్పి ఇచ్చిన ఆడదాని పసుపుకుంకుమలు నిలవవని మా అత్త అంటుండేది. ఉంచుకుంటే నిద్ర లేకుండా దాటాల్సిన ఆ ఏటి మలుపు ఉంది. ఎటు చూసినా ఆయన ప్రాణమే.

శనివారం పొద్దున్నే పాపను చంకనేసుకుని మల్లేశప్పగారింటికి పోయాను. ఇంటి ముందు ఓబళప్ప బస్సుకు బొగ్గు పోస్తున్నాడు. ఆయన చూస్తుండగానే భాగీరథమ్మ ముందు రవికగుడ్డా ఆకువక్కా పెట్టాను.

“తాంబూలం తిప్పి ఇస్తావా? తాళి మీద భయం లేదటే నీకు?”

“ఉండాదమ్మా. అందుకే తెచ్చినా.”

ఆమె మొహం తిప్పుకుంది. ఓబళప్ప బొగ్గుగంప కింద పెట్టి నాతో అన్నాడు: “నడువమ్మా, నీ మొగుణ్ణి లేపు. కచేరికి పొద్దవుతాంది.”

ఐదుగురూ సంతకాలు చేశారు. అర్జీ తుమకూరు పోయింది. తీర్పు ఇంకా రాలేదు. వచ్చేదాకా పాత లెక్కే, పొద్దున పోయి అదే రోజు రావడం.

అర్జీ ఇచ్చిన మరునాడు, ఆదివారం, ఊడుస్తుంటే ఉయ్యాల కింద ఒక వక్క దొరికింది. ఆ శుక్రవారం పాప నా కొంగు లాగినప్పుడు జారిపోయినట్టుంది. తిరిగి ఇచ్చానే గానీ పూర్తిగా ఇవ్వలేదన్నమాట. మళ్ళీ ఆ గడప తొక్కలేను, నమలలేను, పారేయలేను. కొంగున ముడేసుకున్నాను. రోజూ బస్సు చప్పుడు ఏటి మలుపు దాటేదాకా ఆ ముడిని చేత్తో పట్టుకునే ఉంటున్నాను.