తెర వెనుక వెరోనికా

గుడ్ ఫ్రైడే సాయంత్రం మా చర్చిలో వెరోనికా పాడాలి. సిలువ మోస్తున్న క్రీస్తు ముఖం తుడిచిన స్త్రీ ఆమె. ప్రతి ఏడూ ఊరిలోని ఒక కన్నెపిల్ల నల్ల ముసుగుతో పీట ఎక్కి, ఆ ముఖం ముద్రపడిన గుడ్డను మెల్లగా విప్పుతూ లాటిన్‌లో పాడుతుంది. దారిన పోయేవారిని ఆగి తన దుఃఖాన్ని చూడమని వేడుకునే పాట అది.

పీట ఎక్కే హక్కు, చర్చి ఉత్సవాలు నడిపే ఎర్ర అంగీల సంఘంలోని కుటుంబాలకే ఉంది. బాప్తిస్మంతో కులం కొట్టుకుపోయిందని బోధించే మా గోవా చర్చిలోనే, ఎర్ర అంగీ ఎవరి భుజాన పడాలో కులం నిర్ణయిస్తుంది.

ఆ ఏడు వంతు సంఘం అధ్యక్షుడు కుస్తోదియో మేనకోడలు ఎర్మెలిందాకు వచ్చింది. పై స్వరానికి చేరేసరికి ఆమె గొంతు విరిగిపోయేది. దాన్ని అందుకోగలిగింది లుదివినా ఒక్కతే. కల్లుగీత వాడ పిల్ల. మా గాయకబృందంలో వయొలిన్ వాయించే ఇనాసియో కూతురు. పాట నేర్పింది తండ్రే. ఒక్కసారి ఆ పీట ఎక్కి పాడాలన్నదే ఆమె కోరిక.

కుస్తోదియో ఉపాయం కనిపెట్టాడు. ఎర్మెలిందా గుడ్డ విప్పుతూ పెదవులు కదుపుతుంది. లుదివినా బలిపీఠం పక్కన తెర వెనుక నిలబడి పాడుతుంది.

"ఆ పిల్లను ముందు నిలబెడితే మీకొచ్చే నష్టమేమిటి?" అని అడిగాను.

"రేపు ఆ వాడ వాళ్ళు ఎర్ర అంగీ కూడా అడుగుతారు టీచర్. మీరు కుట్టిస్తారా?" అని నవ్వాడు. "పాట కావాలన్నారు, ఇస్తున్నాం కదా."

"క్రీస్తు ముఖం తుడవడానికి వచ్చినప్పుడు వెరోనికాను ఏ ఇంటిదానివని ఎవరూ అడగలేదు."

"పుస్తకాలు చదివిన ఆడవాళ్ళతో ఇదే గొడవ. పెద్దవారయ్యారు, జపమాల తిప్పుకోండి."

నన్ను ఎక్కువ గాయపరిచింది ఇనాసియో ఒప్పుకోవడం. వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"వినేవాడు దేవుడు, టీచర్. ఆయనకు తెర అడ్డమా? పాట చెడకుండా ఉంటే నాకు చాలు."

లుదివినా గంజిలో ఉప్పు మామిడి ముక్కలు వేస్తోంది. "అయితే నువ్వూ తెర వెనకాలే వాయించు, పాయ్," అంది తండ్రితో.

"నోటికి బాగానే పదును పెట్టావే. అది పాటలో పెట్టు."

కళకు కులం లేదని చెప్పేవారు సాధారణంగా ముందు వరుసలో కూర్చుని ఉంటారు. ఇనాసియో అలాంటివాడు కాదు. ఆ మాటను నిజంగా నమ్మాడు. అందుకే అతనితో వాదించలేకపోయాను. తండ్రి మాట కోసం లుదివినా ఒప్పుకుంది.

ఆ శుక్రవారం గంటలు మోగలేదు. ఆనవాయితీ ప్రకారం చెక్క గిలక తిప్పారు. ఎర్మెలిందా పీట ఎక్కింది. గుడ్డ విచ్చుకుంటూ ఉండగా తెర వెనుక నుంచి పాట లేచింది. పై స్వరం దగ్గర ఆ గొంతు విరగలేదు, వణకలేదు. అక్కడే నిలబడి, ఆగి చూడమని మమ్మల్నందరినీ అడిగింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కుస్తోదియో కూడా తుడుచుకున్నాడు.

అంతా ముగిశాక ఆడవాళ్ళు ఎర్మెలిందా చుట్టూ మూగారు.

"ఏం గొంతే తల్లీ, గుండె పిండేశావు."

ఎర్మెలిందా తల దించుకుంది. వాళ్ళు దాన్ని వినయమనుకున్నారు.

లుదివినా పక్క తలుపు గుండా వచ్చి తండ్రి దగ్గర నిలబడింది. అతను వయొలిన్‌ను పెట్టెలో పెడుతున్నాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఒక్క చోట కూడా జారలేదే," అన్నాడు. "ఆ ముఖం చూస్తూ వాయిస్తుంటే నాకే దుఃఖం ఆగలేదు."

"ఎవరి ముఖం, పాయ్?"

ఇనాసియో చెయ్యి పెట్టె మూత మీదే ఆగిపోయింది. లుదివినా బయటికి నడిచింది.

ఈస్టర్ పూజకు ఆమె రాలేదు, అతను ఒక్కడే వచ్చి వాయించాడు. ఆ వేసవిలో లుదివినా మడ్‌గావ్‌లో కుట్టుపనికి చేరింది. మిషన్ దగ్గర మిగతా ఆడపిల్లలంతా ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటారట. ఆమె కూనిరాగమైనా తీయదట.