కావిళ్ళ సత్రం వెనకగోడ

సత్రం భోజనం, మఠం నిద్ర అని పనీపాటా లేనివాళ్ళని ఎగతాళి చేస్తారు గానీ, నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీదున్న కావిళ్ళ సత్రంలో నిద్రపోయినవాళ్ళెవరూ సరదాకి నిద్రపోలేదు. కొండమీద నుంచి పసుపూ చింతపండూ కావిళ్ళలో మోసుకుని సంతకి దిగేవాళ్ళ కోసం ఎప్పుడో ఓ బెల్లం షావుకారు కట్టించాడట. తర్వాత బస్సులొచ్చాయి, కావిళ్ళు పోయాయి, పేరు మాత్రం మిగిలింది. ఈ రోజుల్లో అక్కడ దిగేది పెద్దాసుపత్రికి వచ్చిన కొండవాళ్ళే. లాడ్జీ మెట్లెక్కి గది అడగాలంటే నోరు పెగలనివాళ్ళు, ఈ సత్రానికి మాత్రం పుట్టింటికొచ్చినట్టు వచ్చి మూట దింపుకుంటారు.

సింహాద్రమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ సత్రాన్ని కనిపెట్టుకుని ఉంది. ఊడవడం, కుండల్లో నీళ్ళు నింపడం, వచ్చినవాళ్ళకి పొయ్యీ పుల్లలూ చూపించడం ఆమె పని. అత్త దేవుడమ్మ చేసిన పనే కోడలికి వచ్చింది. పోతూ పోతూ అత్త ఆస్తిపాస్తుల మాట ఎత్తలేదు, వెనకగోడ మాటే చెప్పింది.

వెనక వసారాలో పొడుగ్గా ఓ గోడ ఉంది. రోగంతో కొండ దిగినవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళేముందు అరచెయ్యి ఎర్రటి జేగురుమట్టిలో ముంచి ఆ గోడకి అద్దుతారు. నయమయ్యాక తిరిగొచ్చి, తడిగుడ్డతో తమ చెయ్యి తామే తుడుచుకుని, ఒక పూట తిని కొండెక్కుతారు. ఎవరు పెట్టారో ఈ ఆచారం, ఎవరికీ తెలీదు. తుడవని చెయ్యి ఉందంటే ఆ మనిషి ఇంటికి వెళ్ళలేదన్నమాట. అలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి ఆ గోడ మీద. పెద్దవి, పిల్లలవి, వెలిసిపోయి నీడల్లా మిగిలినవి.

"ఎవులి సెయ్యి ఆలే తుడుసుకోవాలే. మనం ముట్టుకోకూడదు. ఆ గోడకి సున్నం కూడా ఎయ్యకు," అంది దేవుడమ్మ. సింహాద్రమ్మ ముప్పై ఏళ్ళూ ఆ మాట దాటలేదు. ముందు వసారాకి ఏటేటా సున్నం వేసేది, వెనకగోడ దగ్గరికి వచ్చేసరికి కుంచె కడిగేసేది.

ఆ చేతుల్లో ఒకటి అప్పాయమ్మది. చిటికెన వేలు సగమే ఉంటుంది, కొడవలికి తెగింది. ఆరేళ్ళ కిందట జ్వరంతో వచ్చింది. చెయ్యి అద్దుతూ, "బేగి వొచ్చి తుడిసీసుకుంటాన్లే సింహాద్రమ్మా, నీ గోడ పాడుసెయ్యను," అని నవ్వింది. రాలేదు. అప్పట్నించీ ఆమె మొగుడు గంగులు ఏటా కందులు కోశాక ఒకసారి వస్తాడు. పసుపు తడిపి ఆ అరచేతి మధ్యలో బొట్టు పెడతాడు, కాసేపు కూర్చుంటాడు, తెచ్చిన కందుల సంచి సింహాద్రమ్మకిచ్చి వెళ్ళిపోతాడు.

ఇదిలా ఉండగా రోడ్డు వెడల్పు చేస్తామంటూ కొలతల వాళ్ళు దిగారు. సత్రం ముందు స్తంభానికి ఎర్రరంగుతో గుర్తేశారు. లోపలికొచ్చి చూసిన కుర్ర ఇంజనీరు వెనక వసారాలో ముక్కు మూసుకున్నంత పని చేశాడు. "ఏంటీ మురికి? గోడ నిండా మట్టిచేతులు! ఇది మనుషులుండే చోటేనా? శిథిలం అని రాసెయ్యండి," అన్నాడు పక్కవాడితో. సింహాద్రమ్మ అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు ఊడిచిన చోటుని ఒకడొచ్చి మురికి అంటే ఎలా ఉంటుందో ఊడిచినవాళ్ళకే తెలియాలి. ఆ పూట ఆమెకి ముద్ద దిగలేదు.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే గోపీకృష్ణ ఒక్కడే సత్రం కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. అంతకు ముందెప్పుడో వచ్చి ఫోటోలు తీసుకున్నాడు, అర్జీలు రాశాడు. చివరికో రోజు మొహం చాటంత చేసుకుని వచ్చాడు.

"సింహాద్రమ్మ గారూ, విశాఖపట్నం నుంచి మేడమ్ వస్తున్నారండి. పాత కట్టడాలు చూసే ఆఫీసరు. ఆవిడ ఉంచాలని రాస్తే సత్రం జోలికి ఎవరూ రారు. రోడ్డే పక్కకి జరుగుద్ది."

"ఏటి సూస్తాది బాబూ ఆవిడ?"

"అన్నీ సూస్తారండి. మీరేం కంగారు పడకండి. మంగళారం పొద్దున్న ఉండండి, సాలు."

అంతే చెప్పాడు. ఏ గోడ ఫోటో చూసి ఆవిడ వస్తోందో చెప్పలేదు. చదువుకున్నవాడికి అది చెప్పాల్సిన సంగతే అనిపించలేదు, చదువులేనిదానికి అడగాలని తోచలేదు. పెద్దమనిషి ఇంటికొస్తుందంటే ఎవరైనా ఏం చేస్తారు? ఇల్లు శుభ్రం చేసుకుంటారు.

సోమవారం తెల్లవారగానే సింహాద్రమ్మ సున్నం నానేసింది, నీలిమందు కలిపింది. ముందు వసారా అయింది. వెనకగోడ దగ్గర కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. అత్త మాట గుర్తుంది. ఇంజనీరు మాటా గుర్తుంది. సత్రమే పోతే గోడెక్కడుంటుంది, చేతులెక్కడుంటాయి? బతికుంటే అత్త మాత్రం ఏం చేసేది? "నన్ను తిట్టుకోకత్తా," అని పైకే అని, మూల నుంచి మొదలుపెట్టింది.

జేగురు మొండిది. ఒక పూతకి లొంగలేదు, రెండో పూతకీ వేళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. మూడో పూత వేసింది. అప్పాయమ్మ చెయ్యి మాత్రం వదిలేసి చుట్టూ వేసుకొచ్చింది. దూరంగా జరిగి చూస్తే తెల్లటి గోడ మధ్యలో ఆ ఒక్క ఎర్రచెయ్యి ఇప్పుడే ఎవరినో కొట్టినట్టు, నెత్తురులా కనిపించింది. రేపు ఆ ఆఫీసరు కళ్ళు ముందు దాని మీదే పడతాయనుకుంది. కళ్ళు మూసుకుని కుంచె ఆనించింది. సాయంత్రానికి ఆమె వేళ్ళు సున్నానికి పగిలి మండుతున్నాయి. అయినా మనసులో ఓ మూల సంతోషంగానే ఉంది. చక్కగా కుదిరింది గోడ.

మంగళవారం కారు దిగిన ఆఫీసరు పేరు రాజేశ్వరి. ముందు వసారా స్తంభాలు చూసీచూడనట్టు దాటి, తిన్నగా వెనక్కి నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"ఆ గోడ ఇదేనా?"

"ఇదేనండి. మొత్తం నేనే ఏసేనండి, మూడు పూతలు," అంది సింహాద్రమ్మ, చేతులు కొంగులో దాచుకుంటూ.

రాజేశ్వరి చేతిలో ఉన్న ఫోటో చూపించింది. అందులో గోడంతా చేతులే. మధ్యలో, సగం చిటికెన వేలితో, అప్పాయమ్మ చెయ్యి.

సింహాద్రమ్మ ఫోటోలో గోడని చూసింది, ఎదురుగా ఉన్న గోడని చూసింది. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. గోపీకృష్ణ మొహం ఆ సున్నం కంటే తెల్లగా ఉంది.

వెంట వచ్చినతను తడిగుడ్డతో ఓ మూల రుద్ది చూశాడు. సున్నంతో పాటు జేగురూ ఊడి గులాబీరంగు నీళ్ళు కారాయి. ఇంకోచోట గీకితే అడుగునున్న పాత గారే పెచ్చులుగా రాలింది.

"ఆపండి," అంది రాజేశ్వరి. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇలాంటి స్తంభాలూ పెంకులూ వేరేచోట్ల కూడా ఉన్నాయమ్మా. ఇలాంటి గోడ మాత్రం నేను ఇంకెక్కడా చూళ్ళేదు. దాని కోసమే వచ్చాను. ఇప్పుడేమని రాయమంటారు నన్ను?"

కారు వెళ్ళిపోయాక గోపీకృష్ణ మెట్టు మీద కూలబడ్డాడు. "నాకొక్క మాట సెప్పొచ్చు కదండీ," అన్నాడు.

"నువ్వు నాకొక్క మాట సెప్పొచ్చు కదా బాబూ," అంది సింహాద్రమ్మ.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊళ్ళో ఆ సామెత అనని మనిషి లేడు. టీకొట్టు దగ్గర అన్నారు, రైతుబజారులో అన్నారు. సింహాద్రమ్మ వినీ విననట్టు తలొంచుకుని పోయేది. ఎవరూ చూడకుండా కొబ్బరిచిప్పతో గోడ గీకింది కూడా. అరచెయ్యంత మేర పెచ్చు ఊడి లోపలి ఇటుక బయటపడింది. ఆ ఇటుక మీద ఎవరి చెయ్యీ లేదు. అప్పుడు ఏడ్చింది. సత్రం పోతున్నందుకు కాదు. ఎవరూ ముట్టుకోకూడని చేతుల్ని తను ముట్టుకున్నందుకు.

పడగొట్టే రోజు ఖాయమైంది. రెండు రోజుల ముందే పెంకులు దింపడం మొదలుపెట్టారు. పైన మనుషులు పెంకులు అందిస్తుంటే, కింద దుమ్ములోంచి భుజాన సంచితో గంగులు వచ్చాడు. కందులు కోసేశారు కాబోలు.

"ఏటి సెల్లెమ్మా, ఇప్పీసేస్తన్నారు?"

"రోడ్డుకి పోతాందన్నా."

గంగులు తల ఊపి, అలవాటుగా వెనక వసారాలోకి నడిచాడు. సింహాద్రమ్మ వెనకాలే వెళ్ళింది. ఈ మాట ఎలా చెప్పాలో వారం రోజులుగా లోపల్లోపల అనుకుంటూనే ఉంది. అతను ఆకులో తడిపి తెచ్చుకున్న పసుపు విప్పి, బొటనవేలికి అద్దుకుని, తల ఎత్తాడు.

గోడ తెల్లగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చేత్తో తడుముకుంటూ వచ్చాడు. ఇటుక తేలిన చోట వేళ్ళు ఆగాయి. అక్కణ్ణించి వెనక్కి తిరిగి సింహాద్రమ్మ చేతులకేసి చూశాడు. వేళ్ళ పగుళ్ళలో సున్నం ఇంకా అలాగే ఉంది. ఆమె వాటిని దాచుకోలేదు.

"గంగులన్నా, నేనే..." అంది.

అతను బొటనవేలి పసుపు మళ్ళీ ఆకుకి తుడిచేశాడు. పైనుంచి ఒక పెంకు జారి పడి పగిలింది.

"సెయ్యి లేదంటే, తుడిసీసుకున్నాదన్నమాట," అన్నాడు. "ఇంటికి ఎల్లిపోయుంటాది."

గంగులు భుజాన ఉన్న సంచి దింపాడు.

"నేనేమో తలుపు కట్టీసి వొచ్చీసేను. ఇంటికాడ ఎవులూ లేరు. అది వొచ్చి గుమ్మంకాడ నిలబడతాది పాపం," అని, ఏటా ఇచ్చినట్టే కందుల సంచి ఆమె చేతిలో పెట్టాడు. "బేగి ఎల్లాల సెల్లెమ్మా."

రోడ్డు దాటి, అప్పుడే కదులుతున్న చింతపల్లి బస్సుని చెయ్యెత్తి ఆపాడు. పసుపు పొట్లం మాత్రం మళ్ళీ కట్టుకుని, చేత్తో జాగ్రత్తగా పట్టుకునే బస్సెక్కాడు.