తడి సున్నం కింద పూలు

వంటింటి గోడ మీది పూలంటే రొజాల్‌కి విసుగు పుట్టి చాలా ఏళ్లయింది. ఆ మాట పైకి అంటే ఊరు నోరెళ్లబెడుతుందని ఎవరితోనూ అనలేదు. పొయ్యి పక్క నుంచి తలుపు పైదాకా, కిటికీ చుట్టూతా ఎర్ర గులాబీలు, నీలం లిల్లీలు, మిరపకాయల గుత్తులు. అన్నీ ఆమె తల్లి బొర్బాలా చేత్తో వేసినవే. ఊళ్లో అలాంటి గోడ ఇంకెక్కడా మిగల్లేదు. అందుకని చలికాలం చెమ్మ పట్టకుండా చూడాలి, పొయ్యి ముట్టించకూడదు, చూడవచ్చినవాళ్లు వేలు పెట్టకుండా కాపలా కాయాలి. మంచాన పడ్డ అత్తగారికి కూడా ఇంత చాకిరీ చెయ్యలేదని రొజాల్ లోలోపల గొణుక్కునేది.

శనివారాలు ఆ వంటింట్లోనే ఆమె కాగితాల మీద పూలు వేయడం నేర్పుతుంది. ఒకప్పుడు బల్ల చుట్టూ చోటు చాలేది కాదు. ఇప్పుడు వేసవిలో బుడాపెస్ట్ నుంచి కొందరు పిల్లలు వస్తారు. ఫోన్లో ఫొటోలు తీసుకుని, సగం పువ్వు వేసి, ఐస్‌క్రీమ్ దుకాణానికి పరిగెడతారు. ఏడాది పొడుగునా వదలకుండా వచ్చేది, చుట్టరికం లేకపోయినా అత్తా అని పిలిచే తీమెయా ఒక్కతే. మిరపపొడి మిల్లులో సంచులు నింపే పని ఆమెది. ముప్పై దాటిన మనిషి, వారమంతా పీల్చిన కారం శనివారం నాడు తుమ్ముల్లో బయటపెడుతుంది.

తీమెయా చెయ్యి మంచిది. కానీ గోడ చూస్తూ వేస్తేనే ఆమె పువ్వు పువ్వులా వస్తుంది. చూపు తిప్పితే చెయ్యి ఆగిపోతుంది.

"ఈ ఆకు తర్వాత ఏమొస్తుందత్తా?"

"నీకేది తోస్తే అది."

"నాకేం తోచట్లేదు. గోడ మీదున్నదే కళ్లలో తిరుగుతోంది."

"అయితే గోడకి వీపు పెట్టి కూర్చోవే."

"కూర్చున్నాగా! మెడ దానంతటదే తిరుగుతోంది."

రొజాల్ నవ్వింది గానీ ఆ నవ్వులో ఓపిక లేదు. తీమెయాని అనడానికి తనకేం మొహం ఉంది? తల్లి ఉన్న రోజుల్లో పై గోడంతా తల్లిది. రొజాల్‌కి దక్కింది పొయ్యి పక్కన, నేలకి జానెడెత్తున ఉండే పట్టీ. ఎవరి కళ్లూ పడని చోటని పిల్లలకి అదే వదిలేసేవారు. తర్వాత పెళ్లయింది. అత్తగారింట గోడలన్నీ నూనెరంగు. తల్లి పోయాకే మళ్లీ ఈ ఇంటికి వచ్చింది. ఊరంతా గురువుగారని పిలిచే రొజాల్ తన జన్మలో ఒక పూర్తి గోడ వేసి ఎరగదు. ఆమె నేర్పేదల్లా తల్లి గోడని చూసి దించడమే.

ఆ మార్చిలో వానలకి పెంకులు కదిలి, కిటికీ పక్కన అరచేతంత పెచ్చు ఊడి పడింది. కబురు తెలిసి జిల్లా మ్యూజియం నుంచి వెండెల్ వచ్చాడు. పాత గోడల్ని బాగుచేసే కుర్రాడు. బూట్లు గుమ్మం బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చాడు.

"ఇంక ఆలస్యం చేస్తే మొత్తం రాలిపోతుందమ్మా. మీరు ఊఁ అంటే ఈస్టర్ కాగానే పని మొదలుపెడతాం. జిగురు ఎక్కించి, అద్దం తలుపు పెట్టి, తాళం మేమే చూసుకుంటాం. మీ శ్రమ తీరిపోతుంది."

"మరి నా శనివారాలు?"

"సాంస్కృతిక భవనంలో గది అడిగానమ్మా. కాగితాలు, రంగులు కూడా ఇస్తారు. ఇక్కడైతే మనుషుల ఊపిరి చెమ్మ కూడా గోడకి మంచిది కాదు."

రొజాల్‌కి కోపం రావాల్సింది. రాలేదు. హమ్మయ్య, ఈ కాపలా నాకు తప్పుతుంది అనిపించింది. కుర్చీలో వెనక్కి వాలి, "పండగ వెళ్లనీ బాబూ, చెప్తాను" అంది.

వెండెల్ నేల మీది పెచ్చు తీసి వెలుగులో పెట్టి చూశాడు. అతని మొహం వెలిగిపోయింది. "చూడండమ్మా! మీ అమ్మగారి పూల కింద ఇంకా ఉన్నాయి. అట్టడుగున ఉన్నది మీ అమ్మమ్మగారి చెయ్యే అయ్యుంటుంది. పైపొరలు కాస్త గీకితే, చిన్న కిటికీలా తెరిచి చూపించొచ్చు."

"మా అమ్మని గీకేసి మా అమ్మమ్మని చూపిస్తావా?"

వెండెల్ పెచ్చుని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. పాపం, మంచి పిల్లాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

శనివారం తీమెయా ఆ పెచ్చుని చేతిలోకి తీసుకుంది. దాని అంచు ఉల్లిపాయ పొరల్లా ఉంది. తెలుపు, ఎరుపు, మళ్లీ తెలుపు, నీలం, మళ్లీ తెలుపు, అలా అడుగుదాకా.

"ఇన్నిసార్లు ఎవరు కప్పేశారత్తా?"

"ఇంకెవరు, ఈ ఇంటి ఆడవాళ్లే. పొయ్యి పొగకి గోడ నల్లబడిపోయేది. ఈస్టర్ వస్తోందంటే సున్నం వెయ్యడం, అది ఆరాక కొత్త పూలు వెయ్యడం. ఏటా ఇదే గొడవ."

"అంతందమైన పూలు! మీ అమ్మకి ప్రాణం ఒప్పేదా?"

"ప్రాణమా? చేతులు మండుతున్నాయని సున్నాన్ని తిట్టేది. రంగు కలిపే పాలు విరిగిపోయాయని నన్ను తిట్టేది. పాత పూల వంక అసలు చూసేదే..."

రొజాల్‌కి తల్లి పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ గుర్తొచ్చింది. ఆ ఏడు కూడా సున్నం కలిపింది. బకెట్ పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడింది. చెయ్యి రాలేదు. దిబ్బ మీద పారబోసి, ఈ ఒక్క ఏడాదికి వదిలేద్దామనుకుంది. ఆ ఒక్క ఏడాదే ఇన్నేళ్లు సాగి, చివరికి తాళమూ అద్దమూ అడిగేదాకా వచ్చింది.

ఆ రాత్రి ఎటూ తేలలేదు. మర్నాడూ తేలలేదు. మంగళవారం ఆమె వెండెల్‌కి ఫోన్ చేసి, గోడకి సున్నం వేస్తున్నానని చెప్పింది.

"మళ్లీ రాదమ్మా అది," అన్నాడతను.

"తెలుసు బాబూ."

"రేపొచ్చి ఫొటోలు తీసుకోనా?"

"రా. ఈసారి టీ తాగి వెళ్లు."

బుధవారం అతను పొద్దుగూకేదాకా ఫొటోలు తీశాడు. వెళ్లేటప్పుడు కళ్లు తుడుచుకోవడం రొజాల్ చూసింది. అతన్ని తిట్టగలిగితే ఎంతో తేలికగా ఉండేది.

గురువారం తీమెయా మిల్లుకి సెలవు పెట్టి వచ్చింది. బకెట్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తా, నీకు మతిగానీ పోయిందా?"

"పోతే పోయింది. చీపురు అందుకో, ముందు దుమ్ము దులుపు."

"కనీసం ఆ తలుపు మీది గులాబీ వదిలెయ్. ఒక్కటే."

"ఒక్కటి వదిలితే నీ మెడ దానికేసే తిరుగుతుంది."

సున్నం వెయ్యడం రొజాలే మొదలుపెట్టింది. చెయ్యి భుజం దాటి లేవదు కాబట్టి పైదంతా తీమెయా వేసింది. వేస్తూనే ఏడ్చింది, ఏడుస్తూనే తుమ్మింది. అంతా అయ్యాక చూస్తే పూలు అలాగే ఉన్నాయి. తడి సున్నం లోంచి ఎరుపూ నీలమూ ఇంకా మెరుస్తూ కనబడుతున్నాయి.

"పోలేదత్తా!" తీమెయా మొహం విప్పారింది. "సున్నం పట్టలేదు!"

"ఆరనీ," అంది రొజాల్.

బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. ముందు కిటికీ పక్కది ఆరింది, అక్కడి లిల్లీలు పాలిపోయి తెల్లబడ్డాయి. తర్వాత పొయ్యి పైవి. తలుపు మీది గులాబీ అన్నిటికన్నా ఆలస్యంగా పోయింది. అది పోతున్నప్పుడు రొజాల్ తల్లి పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చింది. అప్పుడు వంటకీ చుట్టాలకీ సరిపోయింది, ఏడవడానికి తీరిక దొరకలేదు.

శనివారానికి గోడ ఎండింది. రంగుపొడులు పాలలో కలిపారు. తెల్లటి గోడ ముందు తీమెయా కుంచె పట్టుకుని బిక్కమొహం వేసింది.

"ఎక్కణ్నుంచి మొదలుపెట్టను?"

"పైనుంచి. అదంతా నీదే."

"మరి నువ్వు?"

రొజాల్ ముక్కాలిపీట లాక్కుని, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పొయ్యి పక్కన చతికిలబడింది. నేలకి జానెడెత్తున ఉన్న పట్టీ మీద ఒక కాడ గీసింది. కాడ వంకరగానే వచ్చింది.

తీమెయా నిచ్చెనెక్కి పైన మొదటి పువ్వు మొదలుపెట్టింది. తర్వాత ఒక తుమ్ము, దాని వెంటనే కేక.

"అత్తా! చెయ్యి కదిలిపోయింది! గులాబీ క్యాబేజీలా వచ్చింది. ఇప్పుడేం చెయ్యను?"

రొజాల్ తల ఎత్తి చూడలేదు. కుంచె రంగులో ముంచింది.

"పక్కన ఇంకోటి వెయ్యవే. వచ్చే ఈస్టర్‌కి ఎలాగూ సున్నం వేస్తాంగా."