కాళ్ల వాపు: లేదు

త్రినాథ్ ఇన్సూరెన్స్ ఏజెంటు. కంపెనీ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. అతను పలాసలో ఒక అద్దెగదిలో ఉండేవాడు. జీతం లేదు. పాలసీ రాస్తే కమీషన్, రాయకపోతే అదీ లేదు. ఫారాలు కొరియర్‌లో వచ్చేవి. మేనేజరు లోకనాథం ఫోన్‌లో మాట్లాడేవాడు. వాళ్లిద్దరూ ఎదురుపడింది ఒక్కసారే, ట్రైనింగు రోజుల్లో.

2003లో అతను రాసిన మొదటి పాలసీల్లో ఒకటి జీడి బట్టీలో పనిచేసే మనిషిది. ఎనిమిది నెలలకే ఆ మనిషి కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. కంపెనీ పంపిన మనిషి రెండు రోజులు ఊళ్లో తిరిగి, జబ్బు ముందునుంచే ఉందని తేల్చాడు. క్లెయిము కొట్టేశారు. ఆ సాయంత్రం లోకనాథం ఫోన్ చేశాడు.

"పాలసీ రాసిన రెండేళ్లలోపు చావు ఇంకొకటి వచ్చిందంటే నీ ఏజెంటు కోడ్ పోతుంది. అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి నీకు తెలుసు కదా. చూసి రాయాలి."

ఎలా చూడాలో లోకనాథం చెప్పలేదు. కిడ్నీలు చెడితే కాళ్లు వాస్తాయి కాబట్టి త్రినాథే ఒక దారి కనిపెట్టుకున్నాడు. ఇంట్లోకి వెళ్లగానే పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టేవాడు. వంగినప్పుడు బొటనవేలు చీలమండ మీద ఆనించి, ఐదు లెక్కపెట్టేంతసేపు నొక్కి తీసేవాడు. చర్మం పైకి వస్తే ఫారం తీసేవాడు. గుంట అలాగే ఉండిపోతే మంచినీళ్లు తాగి, నాలుగు కబుర్లు చెప్పి, ఫారం తీయకుండా లేచేవాడు. చిన్నవాళ్లయితే చెప్పు పట్టీ అచ్చు పడిన చోటు చూసేవాడు. ఇది ప్రతిసారీ నిజం కాదు. వాపు లేకుండానే పోయినవాళ్లు ఉన్నారు. కానీ రెండేళ్లలో అతను ఫారం తీయకుండా లేచి వచ్చిన ఇళ్లు పద్నాలుగు. వాటిలో తొమ్మిదింట దినాలు జరిగాయి.

ఆ లెక్క అతనొక్కడే వేయలేదు. కవిటి చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో అతని బండి చప్పుడు వినగానే కొందరు మంచం మీదకు కాళ్లు లాక్కుని పంచె కప్పుకునేవారు. పెద్దతల్లి అనే ముసలామె మొహం మీదే అంది: "దండం అక్కడ్నించే ఎట్టు బాబూ. దగ్గిరికి రాకు. నాకింకా మనవడి పెళ్లి సూడాలనుంది."

2006 మార్చిలో బొడ్డమ్మ ఫోన్ చేసింది. ఆమె త్రినాథ్‌కు పెద్దమ్మ కూతురు, అప్ప వరస. కవిటికి నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరు. భర్త పోలారావుకు నలభై రెండేళ్లు, మూడెకరాల కొబ్బరితోట.

"తిన్నాతూ, ఆదివారం ఓపాలి రా. మీ బావ అన్నం సరిగ్గా తినడం లేదు. టెస్టుకి ఎల్దామంటే కొట్టడానికొత్తన్నాడు. ఎల్లినోడు ఎవుడు బాగుపడ్డాడంతాడు."

"నా మాట వింతాడేటప్పా?"

"నిన్ను మాటాడమన్నానేటి? వచ్చి దండమెట్టి, కాఫీ తాగి, ఫారం తియ్యకుండా లేసెల్లిపో. డాక్టరు సెప్తే నమ్మడు. నువ్వు లేసెల్లిపోతే మర్నాడే వైజాగు బస్సెక్కుతాడు."

త్రినాథ్ గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

"ఇన్నావా? తియ్యకు. అంతే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏజెన్సీ నిలవాలంటే మార్చి ముప్పై ఒకటి లోపు పన్నెండు పాలసీలు ఉండాలి. త్రినాథ్‌కు పదకొండు ఉన్నాయి. శనివారం లోకనాథం రెండుసార్లు అడిగాడు, పన్నెండోది ఎక్కడిదని.

ఆదివారం పోలారావు అరుగు మీద మంచంపై కూర్చుని ఉన్నాడు. కాళ్లు మడిచి పంచె కింద పెట్టుకున్నాడు.

"వచ్చేసినాడర్రా, యముడి గుమస్తా! సంచీ తెచ్చినావా, పాశం తెచ్చినావా?"

"దండం ఎట్టనీ బావా."

"ఏల? నానేటి దేవుణ్ణా? నీకు కావాల్సింది ఇదే కదా, ఇదిగో సూసుకో," అంటూ పోలారావు కుడికాలు చాచాడు.

త్రినాథ్ వంగి నొక్కాడు. ఐదు లెక్కపెట్టి వేలు తీశాడు. చింతపిక్క పట్టేంత గుంట మిగిలింది. పోలారావు తన కాలి వంక చూడలేదు. త్రినాథ్ మొహం చూస్తున్నాడు.

"ఏటి?" అన్నాడు.

త్రినాథ్ పక్కకు చూశాడు. గుమ్మంలో బొడ్డమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"రాసీ బావా," అన్నాడు పోలారావు. ఈసారి గొంతు తగ్గింది. "కిస్తు సొమ్ము ఇంట్లోనే ఉన్నాది. నువ్వు రాసినావంటే దీని ఏడుపు ఆగుద్ది. నాకూ నిద్దర పడుద్ది."

త్రినాథ్ సంచీ తెరిచాడు. బొడ్డమ్మ గ్లాసు గుమ్మంలోనే కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పోలారావు ప్రతి ప్రశ్నా పైకి చదివించుకున్నాడు.

"మూత్రపిండాల జబ్బు?"

"లేదు."

"కాళ్ల వాపు?"

"నువ్వే సూసినావు కదా, నన్నడుగుతావేటి?"

త్రినాథ్ "లేదు" అని రాశాడు. పోలారావు సంతకం పెట్టి, చొక్కా వేసుకుని టీ కొట్టు దగ్గరికి వెళ్లాడు. "తిన్నాత్ రాసినాడ్రా నాకు!" అని అతను అనడం త్రినాథ్ బండి స్టార్టు చేస్తూ విన్నాడు.

పోలారావు టెస్టుకు వెళ్లలేదు. ఎప్పుడు అడిగినా, తిన్నాత్ కంటే డాక్టరుకి ఎక్కువ తెలుసా అనేవాడట. డిసెంబరులో ఊపిరాడకపోతే విశాఖపట్నం తీసుకెళ్లారు. మూడో రోజు చనిపోయాడు.

త్రినాథ్ దినాలకు వెళ్లాడు. బొడ్డమ్మ అందరితో మాట్లాడినట్టే అతనితోనూ మాట్లాడింది. పాలసీ ఊసు ఎత్తలేదు. క్లెయిము వస్తే విచారణ వస్తుంది, విచారణ వస్తే కోడ్ పోతుంది. అతను రోజూ ఎదురుచూశాడు. జనవరి గడిచింది. ఫిబ్రవరి గడిచింది.

మార్చి ఇరవై ఆరున బొడ్డమ్మ పలాస వచ్చి అతని గది తలుపు కొట్టింది. చేతిలో పాలసీ బాండు ఉంది. కొంగు ముడి విప్పి డబ్బు తీసింది.

"ఈయేటి కిస్తు కట్టీ."

"అప్పా, బావ లేడు కదా."

"కాయితంలోన ఉన్నాడు. సదువు."

పోలారావు సంతకం పెట్టిన ఫారం నకలు బాండు వెనక కుట్టి ఉంది. త్రినాథ్ చదివాడు. మూత్రపిండాల జబ్బు, లేదు. కాళ్ల వాపు, లేదు.

"మరి బాగున్న మనిషికి కిస్తు కట్టాల కదా. కట్టీ," అంది బొడ్డమ్మ.

పోనీ క్లెయిము పెడదామని అప్పుడు అతను అనవచ్చు. అనలేదు. డబ్బు తీసుకుని కట్టాడు. పోలారావు పేరున రసీదు వచ్చింది. జూన్‌లో కంపెనీ నుంచి పోలారావుకు పుట్టినరోజు కార్డు వచ్చింది. కలకాలం ఆరోగ్యంగా ఉండాలని అందులో ఉంది. త్రినాథ్ పాలసీల్లో ఒక్కటీ మధ్యలో ఆగలేదని లోకనాథం మెచ్చుకున్నాడు.

2008లోనూ అదే తేదీకి ఆమె వచ్చింది. మళ్లీ చదివించింది. చదువు రాని మనిషి, ఈసారి అతని కంటే ముందే "లేదు" అంటూ వచ్చింది.

ఆ ఏడాది త్రినాథ్ ఉద్దానం ఊళ్లు మానేసి టెక్కలి వైపు తిరిగాడు. అక్కడ అతని బండి చప్పుడు ఎవరికీ తెలియదు. అయినా ఎవరి కాళ్ల దగ్గర వంగినా, వేలు ఆనించగానే పైనుంచి "ఏటి?" అని వినిపించేది. తలెత్తితే ఆ ఇంటివాళ్లు ఊరికే చూస్తూ ఉండేవారు. ఒకసారి అక్కడ ఒక చేపల వ్యాపారి, "నేనేం అనలేదండీ," అన్నాడు.

2009 మార్చి ఇరవై ఆరున కిటికీలోంచి చూస్తే బొడ్డమ్మ బస్టాండు వైపు నుంచి వస్తూ కనిపించింది. రెండు చోట్ల ఆగింది. ఆమె వచ్చేలోగా త్రినాథ్ క్లెయిము ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో రెండో పేజీ ఏజెంటు నింపాలి. ఆమె కూర్చున్నాక కొంగు ముడి మీద చెయ్యి వేసింది.

"ఉండప్పా," అని అతను రాయడం మొదలుపెట్టాడు. ఆమె ఆగింది. ఎంతసేపు రాసినా ఏమని అడగలేదు. పెన్ను పెట్టేశాక అంది:

"సదువు."

"పాలసీ రాసేనాటికి జబ్బు లక్షణాలు ఏజెంటుకు తెలుసా? తెలుసు. కాలు నొక్కి చూశాను. గుంట పడింది. లేదని రాశాను."

"మల్లీ సదువు."

మళ్లీ చదివాడు. బొడ్డమ్మ ముడి విప్పలేదు. ఇంకొంచెం గట్టిగా బిగించింది.

"ఇది పంపిత్తే నీ ఉజ్జోగం ఏటవుద్ది?"

"పోద్ది."

"నాకు డబ్బులొత్తాయా?"

"రావప్పా. ఇన్నాళ్లు కట్టినవి కూడా వొత్తాయో రావో తెలీదు."

"సరే. పంపు."

ఆమె లేస్తుందనుకున్నాడు. లేవలేదు. చెప్పులు విడిచి రెండు కాళ్లూ ముందుకు చాచింది.

"ఇప్పుడు నాయి సూడు."

త్రినాథ్ నేల మీద కూర్చున్నాడు. ఎడమ చీలమండ మీద వేలు ఆనించి ఐదు లెక్కపెట్టాడు. వేలు తీశాడు. చూశాడు. కుడికాలు కూడా నొక్కి చూశాడు. తర్వాత తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"గుంట పడిందప్పా. రెండు కాళ్లకీ."

"అంతే కదా," అంది బొడ్డమ్మ. "ఈ ముక్క సెప్పడానికి మూడేళ్లు పట్టిందేట్రా నీకు?"

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుని చెప్పుల్లో పెట్టుకుంది. పట్టీ బిగుతుగా ఉంది. వంగి సర్దుకుంది.

"వైజాగు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.