చప్పట్లు పడిన చోటు

మా చెల్లి నాట్యంలో నగలుండవు, కథ ఉండదు, ఒక్కోసారి పాట కూడా ఉండదు. మనుషులు నడుస్తారు, పడతారు, లేస్తారు. దానికో మొండి పట్టుదల ఉంది. సాధన చూపించినప్పుడైనా, అసలు ప్రదర్శనలోనైనా జనం దేనికి చప్పట్లు కొడితే దాన్ని మర్నాటికల్లా తీసేస్తుంది. “చప్పట్లు పడ్డాక ఒళ్లు పని చెయ్యదక్కా, పని చేస్తున్నట్టు నటిస్తుంది” అంటుంది. వినేదాన్ని, దీని తిక్కకు మందు లేదని నవ్వుకునేదాన్ని.

నేను ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. ఓ రోజు చెల్లి నాకోసం వచ్చి, నేనూ తోటి ఆవిడా దుప్పట్లు మడవడం చూస్తూ నిలబడిపోయింది. చెరో కొస పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి, వేళ్లకు వేళ్లు తగిలాక కొసలు అందించి వెనక్కి వెళ్లడం, అదే మా పని.

“నాతో స్టేజీ మీద మడుస్తావా అక్కా?” అంది.

ఈ వయసులో, ఈ ఒంటితోనా అని కసిరాను గానీ లోపల గంతులేశాను. చిన్నప్పటి నుంచీ దాని ఆట పక్కన కూర్చుని చూడ్డమే నా వంతు.

సాయంత్రాలన్నీ సాధనకే పోయాయి. “నన్ను చూడకు, దుప్పటిని చూడు” అనేది. నాకేమో దాన్నే చూడాలని ఉండేది.

తెలిసినవాళ్లను పిలిచి చూపించిన రోజు మా దుప్పటికే చప్పట్లు మోగాయి. ఇంకేముంది, తల కాస్త ఎత్తి, రెండో దుప్పటి ఇంకొంచెం సోకుగా మడిచాను. దగ్గరికొచ్చినప్పుడు చెల్లి ముఖం చూశాను. నా పని అయిపోయిందని అర్థమైంది.

బట్టలు మార్చుకునే గదిలో నా ముందు నేల మీద చతికిలబడింది. “నిన్ను ఉంచమంటే ఉంచుతానక్కా. ఒక్క మాట అను.”

నాకు ఒళ్లు మండింది. సొంత చెల్లి దగ్గర అడుక్కోవాలా? “నాకోసం నీ పద్ధతి మార్చుకోకు” అనేశాను. ఆ పౌరుషం ఎందుకొచ్చిందో, ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

“ఆఖరికి నిన్నూ కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టిందన్నమాట” అన్నాడు మా ఆయన. ఆ కోపమంతా ఆయన మీదే చూపించాను.

అయినా మొదటి ప్రదర్శనకు వెళ్లాను. చెల్లి ఒక్కతే మడిచింది. రెండో కొస నేల మీద పడి ఉంది. ఎవరూ లేని వైపు నడిచి, వేళ్లు చాపి, అందుకునేవాళ్లు లేక కాసేపు అలాగే నిలబడి వెనక్కి వెళ్లింది. ఆ ఖాళీ నాదేనని నాకు తెలుసు.

జనం లేచి చప్పట్లు కొట్టారు. కొట్టకండయ్యా బాబూ, మీకు పుణ్యముంటుంది అని అరవాలనిపించింది.

మర్నాడు ఫోన్ చేసింది. “అక్కా, దుప్పటి మొత్తం తీసేస్తున్నా.”

“ఉంచవే” అన్నాను.



“అప్పుడు అనాల్సిందక్కా” అంది.